పాత కుర్చీకి కొత్త మెరుగు

మీ ఇంట్లో తాతగారి నాటి టేకు కుర్చీ ఒకటి ఉందనుకోండి. చేతులు ఆనించే చోట నల్లబడింది. వీపు ఆనే చోట మెరుగు పోయి చెక్క బయటపడింది. ఒక చేతిమీద ఎవరో వేడి కాఫీ గ్లాసు పెట్టిన గుర్తు తెల్లటి వలయంగా మిగిలిపోయింది. "ఒక డబ్బా రంగు తెచ్చి పూసేస్తే సరి" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. కాని అనుభవమున్న పాలిష్ మేస్త్రిని పిలిచి చూడండి. ఆయన డబ్బా ఊసే ఎత్తడు. కుర్చీని తలకిందులు చేసి, ఎవరికీ కనిపించని చోట స్పిరిట్‌లో ముంచిన దూదిని ఒక నిమిషం ఆనించి ఉంచుతాడు. దూదిని తీసి వెలుతురులో చూస్తాడు. ఏం చేయాలో ఆ తరువాత చెబుతాడు.

ఆ దూదితో ఆయన కుర్చీని ఒక ప్రశ్న అడిగాడన్నమాట: "నీమీది పూత ఎలా గట్టిపడింది?"

మనం అన్నిటికీ "ఆరింది" అనే ఒక్క మాటే వాడతాం. ఉతికిన చొక్కా ఆరింది, గోడకు కొట్టిన సున్నం ఆరింది, గేటుకు వేసిన రంగు ఆరింది. చొక్కాలోంచి నీరు ఆవిరై పోయింది, అంతే. సున్నం సంగతి వేరు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారింది. ఇది మీరు పాఠంలో చదివిందే. అలాగే చెక్కకూ, ఇనుముకూ వేసే పూతలు గట్టిపడే పద్ధతులు ముఖ్యంగా మూడున్నాయి. పాత పూతను దేనితో తీయాలి, దానిమీద ఏది వేయవచ్చు, ఏది వేస్తే పాడవుతుంది, ఎక్కడ ప్రమాదం పొంచి ఉంది అన్నవన్నీ ఆ మూడింటిలో అది ఏదన్న దానిమీదే ఆధారపడతాయి.

స్పిరిట్‌కు కరిగే మెరుగు

దూదికి జిగటగా, తేనెరంగులో ఏదైనా అంటుకుందా? అయితే అది లక్క మెరుగు. మోదుగ, రేగు వంటి చెట్ల లేతకొమ్మలమీద చేరి రసం పీల్చే లక్క పురుగు తన ఒంటిమీద కట్టుకునే గూడే ఈ లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాల్లో దీన్ని ఎక్కువగా సేకరిస్తారు. లక్కమీద పరిశోధనలు చేయడానికి రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే ఒక సంస్థను స్థాపించారు.

శుద్ధిచేసిన లక్క రేకులను, లీటరు స్పిరిట్‌కు సుమారు 200 గ్రాముల చొప్పున, ఒక రాత్రి నానబెడితే మెరుగు ద్రావణం తయారవుతుంది. దీన్ని చెక్కకు రుద్దితే స్పిరిట్ ఆవిరై, లక్క పలుచని పొరగా మిగులుతుంది. ఇక్కడ రసాయన మార్పేమీ జరగలేదు. ఉప్పునీటిని పళ్ళెంలో పోసి ఎండబెడితే ఉప్పు మిగిలినట్టే ఇదీను. మళ్ళీ నీళ్ళు పోస్తే ఆ ఉప్పు కరగదూ? అలాగే మళ్ళీ స్పిరిట్ తగిలితే, యాభై ఏళ్ళనాటి లక్క కూడా చాలావరకు కరుగుతుంది.

ఇందులో ఒక గొప్ప సౌకర్యముంది. కొత్త పూత వేసినప్పుడు అందులోని స్పిరిట్ పాత పూత పైభాగాన్ని కొద్దిగా కరిగిస్తుంది. రెండూ కలిసి ఒకే పొరగా గట్టిపడతాయి. కాబట్టి లక్క మెరుగున్న కుర్చీని చెక్క తేలేదాకా గీకనక్కరలేదు. అలా గీకేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి టేకుకు వచ్చిన ఆ ముదురు రంగు చెక్క పైపొరలోనే ఉంటుంది. గీకితే అదంతా పొట్టుగా కింద రాలిపోతుంది.

మేస్త్రి బ్రష్షు వాడకుండా దూదిని మెత్తని పాతగుడ్డలో పొట్లంలా కట్టి, దాన్ని ద్రావణంలో అద్ది, గుండ్రంగా తిప్పుతూ రుద్దుతాడు. ఒకే మందపు పూతకు బదులు పలుచని పూతలు ఎన్నో వేస్తాడు. మందంగా వేస్తే పైభాగం ముందే గట్టిపడి, లోపలి స్పిరిట్‌కు బయటికి దారి ఉండదు. ఆ పూత రోజుల తరబడి మెత్తగానే ఉండి, కూర్చున్నవారి చొక్కా నేతను తనమీద అచ్చు వేసుకుంటుంది.

లక్కకు బలహీనతలు లేకపోలేదు. సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది మెత్తబడి కరుగుతుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మల కళాకారులు ఈ గుణాన్నే వాడుకుంటారు. తరిణెమీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని నొక్కిపెడతారు. ఘర్షణవల్ల పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. స్పిరిట్‌తో పని లేదు. కాని కుర్చీ చేతిమీద పొగలు కక్కే కాఫీ గ్లాసు పెట్టినా అదే వేడి తగులుతుంది. మెత్తబడిన లక్కలోకి తేమ చేరి, అతి సన్నని కణాలుగా చిక్కుకుపోతుంది. ఆ కణాలు కాంతిని అన్ని వైపులకూ చెదరగొడతాయి. పొగమంచు తెల్లగా కనబడేది ఎందుకో, ఆ వలయం తెల్లగా కనబడేదీ అందుకే. స్పిరిట్ అద్దీ అద్దని పొట్లంతో మృదువుగా తుడిస్తే లక్క కొద్దిగా కరిగి, తేమ బయటపడి, చాలాసార్లు మరక మాయమవుతుంది. చాకలి సోడా నీటితో మాత్రం కుర్చీని కడగకండి. క్షారంలోనూ లక్క కరుగుతుంది.

మరొక్క మాట. దుకాణంలో దొరికే ఈ స్పిరిట్‌లో, ఎవరూ తాగకుండా ఉండేందుకు మిథైల్ ఆల్కహాలు వంటి విషాలు కలుపుతారు. దాని ఆవిరి సులభంగా అంటుకుంటుంది. పొయ్యి ఉన్న గదిలో, దీపం దగ్గర, బీడీ కాల్చేవారి పక్కన ఈ పని పెట్టుకోకూడదు.

గాలి పీల్చి గట్టిపడే నూనె

స్పిరిట్ దూదికి ఏమీ అంటలేదనుకోండి. అప్పుడు కుర్చీమీద ఉన్నది నూనె వార్నిషో, ఎనామెల్ రంగో కావచ్చు. దీని సంగతి తెలుసుకోవాలంటే మీ ఇంటి అటకమీద సగం వాడి మూతపెట్టిన ఎనామెల్ డబ్బా ఉందేమో చూడండి. మూత తీస్తే పైన తోలులాంటి మీగడ కట్టి ఉంటుంది. దాని కింద రంగు ఇంకా పలుచగానే ఉంటుంది. బిగించిన డబ్బాలోంచి ద్రవం ఆవిరై ఎక్కడికీ పోలేదు కదా! మరి మీగడ ఎలా కట్టింది?

డబ్బాలో పైసగం గాలి ఉంది. ఆ గాలిలోని ఆక్సిజనే ఈ పని చేసింది. అవిసె నూనె అణువుల్లో ద్విబంధాలు ఎక్కువ. ఆక్సిజన్ ఆ బంధాల దగ్గర చేరి, ఒక అణువును పక్క అణువుకు కట్టివేస్తుంది. అలా కోట్లకోట్ల అణువులు చేపలవలలా అల్లుకుపోతే ద్రవం ఘనమవుతుంది. ఎనామెల్ రంగుల్లోని రెజిన్లకు కూడా ఇలాంటి నూనెలే ఆధారం.

బడిలో ఒక ప్రయోగం చేయండి. రెండు గాజు పలకలను శుభ్రంగా తుడిచి, ఒకదానిమీద అవిసె నూనె, మరొకదానిమీద వేరుశనగ నూనె పలుచగా పూయండి. సున్నితపు త్రాసులో రెండింటినీ తూచి, దుమ్ము పడని చోట, గాలి తగిలేలా ఉంచండి. రోజూ తూచి రాసుకోండి. ఆరేకొద్దీ అవిసె నూనె పలక బరువు పెరగడం చూసి మీరే ఆశ్చర్యపోతారు. నూనె "ఆరుతూ" ఏదో పోగొట్టుకోవడం మాని, గాలినుంచి ఆక్సిజన్‌ను తీసుకుంటున్నది మరి. వేరుశనగ నూనె వారం దాటినా జిడ్డుగానే ఉంటుంది. దాని అణువుల్లో ద్విబంధాలు తక్కువ. ఆముదమూ అంతే, తనంతట తాను ఆరదు. అయితే ఆముదపు అణువునుంచి ఒక నీటి అణువును ఊడబెరికితే ఇంకో ద్విబంధం ఏర్పడుతుంది. అప్పుడది ఆరే నూనెగా మారిపోతుంది. రంగుల పరిశ్రమలో దీన్ని నిజంగానే వాడతారు.

ఇలా అల్లుకున్న వలను స్పిరిట్ విడదీయలేదు. అందుకే దూదికి ఏమీ అంటదు. ఇలాంటి పూతను గీకో, గరుకు కాగితంతో రుద్దో, పూతను ఉబ్బించి లేపే ప్రత్యేక ద్రవాలతోనో తీయవలసిందే.

ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుందని మీకు తెలుసు. కుర్చీమీద పలుచగా పూసిన నూనెలో పుట్టిన వేడి గాలిలో కలిసిపోతుంది. కాని నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే? గుడ్డ పోగులన్నిటిమీదా నూనె పరుచుకుని ఉంటుంది గనుక గాలి తగిలే వైశాల్యం చాలా ఎక్కువ. పుట్టిన వేడి మాత్రం ఉండ మధ్యలోంచి బయటికి పోలేదు. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. కొన్ని గంటల్లో, అగ్గిపుల్ల గీయకుండానే, ఆ ఉండ అంటుకోవచ్చు.

ఇది భయపెట్టడానికి చెప్పే కథ కాదు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో మంటలు లేచాయి. 22వ అంతస్తులో గోడల చెక్కపలకలకు మెరుగు పెట్టిన పనివారు అవిసె నూనె గుడ్డలను అక్కడే వదిలి వెళ్ళారు. ఆ రోజు శనివారం, ఆఫీసులు లేవు. రాత్రి ఆ గుడ్డలు వాటంతటవే రాజుకున్నాయి. మంటలు 18 గంటలకు పైగా కాలి, నీటిని చిమ్మే స్ప్రింక్లర్లున్న 30వ అంతస్తు దగ్గర ఆగాయి. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. నూనె గుడ్డలను ఒక్కొక్కటిగా విప్పి ఆరుబయట తీగమీద ఆరవేయాలి. లేదా నీళ్ళున్న ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టాలి.

కారు రంగు కథ

ఇప్పుడు కుర్చీని వదిలి వీధిలోకి వద్దాం. తొలినాటి కార్లకు నూనె వార్నిషులే పూసేవారు. పూత వెంట పూత ఆరేసరికి వారాలు గడిచేవి. యంత్రం సిద్ధమైనా రంగు ఆరక కార్లు షెడ్డులోనే నిలిచిపోయేవి. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ "డ్యూకో" అనే కొత్త రంగును తెచ్చింది. దూదిలోని సెల్యులోజును నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపించి, వచ్చిన నైట్రోసెల్యులోజును ద్రావణుల్లో కరిగించి చేసిన లాకర్ అది. లక్క మెరుగులాగే ద్రావణి ఆవిరవగానే గట్టిపడుతుంది, అదీ నిమిషాల్లో. మన నిర్మల్ కొయ్యబొమ్మలకు, చిత్రాలకు మెరుపు తెచ్చినవీ ఈ డ్యూకో రంగులే.

ఈ రంగులకు వానాకాలం గిట్టదు. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలంనుంచి వేడిని లాక్కుంటుంది. అరచేతిలో స్పిరిట్ వేసుకుంటే చల్లగా తగిలేదీ ఇందుకే. అలా చల్లబడిన రేకుమీద గాలిలోని తేమ మంచులా చేరుతుంది. నల్లరంగు బూడిద చల్లినట్టు తెల్లబోతుంది. కాఫీ గ్లాసు వలయంలో జరిగిందే ఇక్కడ బండంతటా జరిగిందన్నమాట. సముద్రతీరపు ఊళ్ళలో పెయింటర్లు మబ్బు పట్టిన రోజున స్ప్రే గన్ దించేసి కూర్చోవడం సోమరితనం కాదు.

మూడో పద్ధతికి నేటి కార్ల పైపూతే ఉదాహరణ. విరిగిన వస్తువులు అతికించేందుకు రెండు ట్యూబుల జిగురు వాడి ఉంటారు. వేర్వేరుగా ఉన్నంతకాలం రెండూ మెత్తగానే ఉంటాయి. కలిపారా, కొంతసేపటికి రాయిలా బిగుస్తాయి. కారు మరమ్మతులో వాడే పాలీయురెథేన్ రంగులు కూడా ఇలాంటివే. డబ్బాలోని రెజిన్‌కు హార్డెనర్ అనే రెండో ద్రవాన్ని కలపగానే చర్య మొదలవుతుంది. గాలి తగలకపోయినా, మూత పెట్టినా ఆగదు. మిగిలిన రంగు మరునాటికి డబ్బాలోనే గడ్డకడుతుంది. ఈ పూతమీద పెట్రోలు ఒలికినా చెక్కుచెదరదు. కాని ఆ హార్డెనర్‌లో ఐసోసయనేటులు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు వాటిని పీలిస్తే ఆస్తమా రావచ్చు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఆవిరి రుమాలులోంచి దూరుతుంది. దానికి వేరే శ్వాస పరికరాలు కావాలి. కాబట్టి ఇది మీరు చూసి నేర్చుకోవలసిన పనే తప్ప చేయవలసినది కాదు. చూడడం కూడా దూరంనుంచే.

ఏది దేనిమీద వేయవచ్చునో తెలియక నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. నా సైకిల్ మడ్‌గార్డుకు బ్రష్షుతో వేసిన పాత ఎనామెల్ ఉండేది. తొందరగా ఆరుతుంది కదా అని దానిమీద థిన్నర్‌తో కలిపే లాకర్ పూశాను. పది నిమిషాల్లో ఆ రంగంతా పాలమీది మీగడలా ముడతలు పడి లేచింది. థిన్నర్ ఎనామెల్ వలను కరిగించలేదు గాని, దాని సందుల్లోకి దూరి నానిన శనగగింజలా ఉబ్బించింది. ఉబ్బిన పొర రేకుమీద పట్టక ముడుచుకుపోయింది. లాకర్‌మీద ఎనామెల్ వేస్తే ఈ తంటా సాధారణంగా రాదు. ఎనామెల్‌లో కలిపే టర్పెంటైన్ అంత ఘాటైన ద్రావణి కాదు.

బండి రంగు ఏ రకమో కూడా ఇలాగే కనుక్కోవచ్చు. మూల ఎక్కడైనా థిన్నర్ గుడ్డతో రుద్దినప్పుడు రంగు గుడ్డకు దిగితే లాకర్, మెత్తబడి ముడతపడితే ఎనామెల్, ఏమీ కాకపోతే రెండు ద్రవాల రంగు.

గరుకు కాగితం చేసే పని

మెరిసేదాన్ని మెరిపించడానికి ముందు గరుకుగా ఎందుకు రుద్దుతారు? అణువుల మధ్య ఆకర్షణ అతి దగ్గరలో మాత్రమే పనిచేస్తుంది. కొత్త రంగుకూ పాత ఉపరితలానికీ మధ్య మైనమో, జిడ్డో ఉంటే అసంజనం కుదరదు. ఒక నీటిచుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిచిందంటే జిడ్డు ఉన్నట్టు, పరుచుకుందంటే శుభ్రంగా ఉన్నట్టు. బండికి వాడే మెరుగు ద్రవాల్లోని సిలికోన్ లేశమాత్రం మిగిలినా, కొత్త రంగు అక్కడక్కడ గుండ్రంగా తొలగి చేపకళ్ళలా గుంటలు పడుతుంది. అందుకే ముందు జిడ్డు తుడిచి, తరువాత రుద్దాలి. ముందే రుద్దితే ఆ జిడ్డును గీతల్లోకి మనమే కూరినట్టవుతుంది.

గరుకు కాగితం వెనుక ఉన్న అంకె పెరిగేకొద్దీ గింజ సన్ననవుతుంది. చెక్కకు 120, 180, 320 ఇలా వెళతారు. బండికి 400 దాటి 1000, 2000 అంకెల వాటర్ పేపరుతో తడిపి రుద్దుతారు. ప్రతి కాగితం చేసే పని తనకు ముందరి కాగితం వేసిన గీతలను చెరపడమే. గీతలు కాంతిని చెదరగొట్టినంతకాలం ఉపరితలం మసకగానే ఉంటుంది. అవి సన్నబడుతూ పోతే కాంతి ఒకే దిశలో పరావర్తనం చెంది, కారు తలుపులో మీ ముఖం కనబడుతుంది. అయితే లెక్క మరవకండి. ఫ్యాక్టరీలో కారుకు వేసే పూతలన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రోమీటర్లు, అంటే మీ నోటుపుస్తకం కాగితంకంటే కొంచెమే ఎక్కువ. అందులో పైనున్న పారదర్శకపు పొర సగంకంటే తక్కువ. మెరుపుకోసం రుద్దిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. గోరు తగులుకునేంత లోతైన గీత రుద్దితే పోదు. రంగు మళ్ళీ వేయవలసిందే.

రేకు బయటపడిన చోట తుప్పును పూర్తిగా తీయకుండా రంగు వేస్తే ఏమవుతుందో కూడా చూడండి. తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. కింద పెరుగుతూ పైరంగును పొక్కులా లేపుతుంది. పొక్కు పగిలితే నీరు చేరి ఇంకా పెరుగుతుంది. రంగు ఖరీదుతో దీనికి నిమిత్తం లేదు.

దుమ్ములో సీసం

పాత రంగును రుద్దేముందు ఒక సంగతి తప్పక ఆలోచించాలి. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన గేట్లు, కిటికీ చువ్వలు, మంచాలు, ఊయలలమీది రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో, సీసం ఎక్కువగా ఉండవచ్చు. పాత ఇనుప సామానుకు మొదటిపూతగా సింధూరం, అంటే ఎర్ర సీసపు ఆక్సైడు, పూసేవారు. ఇప్పటి రెడ్ ఆక్సైడ్ ప్రైమరుకు ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడు. ఎరుపును కంటితో చూసి ఏది ఏదో తేల్చలేం.

పొడిగా రుద్దితే ఆ సీసం దుమ్మై గదంతా పరుచుకుంటుంది. నేలమీద పాకే పసిపిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసం వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ నష్టం మళ్ళీ పూడదు. ఇంత వరకైతే హాని లేదని చెప్పగల కనీస మోతాదు సీసానికి లేదు. కాబట్టి పాత రంగును తడిపే రుద్దాలి, ఆరుబయటే రుద్దాలి, కింద గోనెపట్టా పరచాలి. బురదను తడిగుడ్డతో ఎత్తి కట్టిపారేయాలి. బావి దగ్గరా, కూరమడిలోనూ పోయకూడదు. మంటతో కాల్చి రంగు తీయడం మరీ ప్రమాదం. మీ ఇంట్లో గేటు రుద్దే రోజున చెల్లాయిని, తమ్ముణ్ణి పక్కింటికి పంపే బాధ్యత మీరే తీసుకోండి.

మళ్ళీ కుర్చీ దగ్గరకు వద్దాం. దూదికి తేనెరంగు అంటింది గనుక మీకు పని తేలికైంది. టర్పెంటైన్ గుడ్డతో జిడ్డు తుడవండి. నలుపులో చాలాభాగం చేతుల జిడ్డే, వచ్చేస్తుంది. ఆ గుడ్డను ఉండచుట్టకుండా విప్పి ఆరవేయండి. ఆరాక 320 కాగితంతో చెక్క చారల వెంటే మృదువుగా రుద్దండి. అడ్డంగా రుద్దితే పడే గీతలు మెరుగు పెట్టాక ఇంకా స్పష్టంగా కనబడతాయి. పొడిని దులిపి, ఎండ కాసే రోజున, పెద్దవారెవరినైనా పక్కన ఉంచుకుని, లక్క పొట్లంతో పూతకూ పూతకూ మధ్య అరగంట విరామమిస్తూ ఆరేడు పలుచని పూతలు వేయండి. సాయంత్రానికి చేతికి అంటదు. కాని లోపలి పొరల్లోని చివరి స్పిరిట్ బయటపడడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. వారం గడిచేదాకా ఆ చేతిమీద కాఫీ గ్లాసు పెట్టవద్దని తాతగారికి చెప్పండి.